గురుపీఠం, ప్రశ్న, లెక్క: రొమ్ము కాన్సర్ వైద్యం మారిన చరిత్ర

శాస్త్రజ్ఞానం తనంతట తాను ముందుకు నడుస్తుందనీ, కొత్త సత్యం బయటపడగానే పాత అసత్యం తలవంచుకుని తప్పుకుంటుందనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. సాహిత్యంలో వాదోపవాదాలుంటాయి, ముఠాలుంటాయి, పీఠాలుంటాయి. విజ్ఞానశాస్త్రంలో మాత్రం రుజువు ఉంటుంది, రుజువు ముందు అందరూ సమానమే అనుకుంటాం. అభ్యుదయ సాహిత్యం తొలినాటి నుంచీ రచయితలకు శాస్త్రీయ దృక్పథం ఉండాలని కోరుతూ వచ్చింది. కోరడం సబబే. కాని ఆ దృక్పథం ఏ ఘర్షణల మధ్య, ఎవరి శరీరాల మీద, ఎన్నేళ్ల ఆలస్యంతో నిలదొక్కుకుందో తెలుసుకోకుండా కోరితే అదీ ఒక నినాదంగానే మిగిలిపోతుంది.

కాన్సర్ వైద్యుడు తన చదువును ఎప్పటికప్పుడు ఎలా సరిచూసుకుంటాడు? పైకి ఇది సులువైన ప్రశ్న. పత్రికలు చదువుతాడు, సభలకు వెళతాడు, పెద్దల ఉపన్యాసాలు వింటాడు అని జవాబు చెప్పేస్తాం. ఆ జవాబు చాలదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1937లో లండన్‌లో అచ్చయిన ఒక వ్యాసంలోని సారాన్ని అమెరికా వైద్యలోకం అధికారికంగా మేలైన పద్ధతి అని ఒప్పుకోవడానికి 1990 దాకా పట్టింది. ఆ వ్యాసం ఎవరూ దాచిపెట్టింది కాదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వంటి ప్రసిద్ధ పత్రికలో, ఇంగ్లీషులో, అందరికీ అందుబాటులో ఉంది. చదవడానికి ఒక పూట పట్టేది. ఒప్పుకోవడానికి 53 ఏళ్లు పట్టింది. ఎందుకు?

1. వేరుదాకా

బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో మొదలైంది. అక్కడి శస్త్రచికిత్సకు పెద్ద దిక్కు విలియం స్టివార్ట్ హాల్‌స్టెడ్ (1852–1922). ఈనాటి కళ్లతో చూసి ఆయన్ను క్రూరుడని తేల్చేయడం చరిత్ర రాయడం అనిపించుకోదు. ఆ రోజుల్లో రొమ్ము కాన్సర్ ఉన్న స్త్రీ వైద్యుడి దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు గడ్డ బాగా పెరిగిపోయి ఉండేది. గడ్డ కోసేస్తే, మచ్చ పడ్డచోటే మళ్లీ లేచేది. యూరప్‌లో పేరుమోసిన సర్జన్లు చేసిన ఆపరేషన్లలోనే సగానికి పైగా అలా తిరగబెట్టేవి. కోయవలసినంత కోయకపోవడమే ఇందుకు కారణమని హాల్‌స్టెడ్ నిశ్చయించుకున్నాడు.

ఆయన సిద్ధాంతం ఇది. కాన్సర్ పుట్టినచోట నుంచి ఇరుగుపొరుగు భాగాల్లోకి వరసగా పాకుతుంది. అక్కణ్ణుంచి చంకలోని లింఫు గ్రంథులకు చేరుతుంది. ఆ తర్వాతే దూరాలకు పోతుంది. కాబట్టి రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ ఒక్క ముక్కగా తీసేస్తే వ్యాధి వేరుతో సహా పోతుంది. ఆ ఆపరేషన్‌ను ‘రాడికల్’ అన్నారు. ఆ మాటకు మన రాజకీయాల్లో వేరే వాసన ఉంది గాని, లాటిన్ మూలంలో దాని అర్థం వేరుకు సంబంధించినదనే.

1894లో హాల్‌స్టెడ్ 50 మంది స్త్రీల ఫలితాలు ప్రకటించాడు. కోసినచోట తిరగబెట్టింది ముగ్గురికి, అంటే నూటికి ఆరు. సగానికి పైగా తిరగబెట్టే కాలంలో నూటికి ఆరంటే అద్భుతమే. అదే ఏడు న్యూయార్క్‌లో విలీ మేయర్ ఇలాంటి ఆపరేషన్‌నే ప్రకటించాడు. అక్కణ్ణుంచి సుమారు ఎనభై ఏళ్లు అమెరికాలో రొమ్ము కాన్సర్ అంటే ఈ ఆపరేషనే. బతికి బయటపడ్డ స్త్రీకి ఛాతీ గుంటపడేది. చర్మం కింద పక్కటెముకలు తెలిసేవి. లింఫు పారే దారి మూసుకుపోయి చెయ్యి వాచి బరువెక్కేది. ఇదంతా ప్రాణానికి చెల్లించే వెల అన్నారు. ఆ వెల చెల్లిస్తే ప్రాణం నిజంగా దక్కుతున్నదా అని అడిగినవారు తక్కువ.

హాల్‌స్టెడ్ లెక్కలో అబద్ధం లేదు, లోపం ఉంది. ఆయన లెక్కపెట్టింది కోసినచోట గడ్డ మళ్లీ లేచిందా లేదా అన్నది. స్త్రీ ఎన్నేళ్లు బతికిందన్నది వేరే ప్రశ్న. పైగా ఆయన తన రోగులను పోల్చింది ఇంకో దేశంలో, ఇంకో కాలంలో, ఇంకొకరి చేతికింద పడుకున్న రోగులతో. 1907లో ఆయనే విడుదల చేసిన ఫలితాలను జాగ్రత్తగా చూస్తే, ఎక్కువకాలం బతికినవారు చంక గ్రంథులకు వ్యాధి పాకనివారు. పాకినవారిలో మిగిలింది చాలా కొద్దిమంది. అంటే స్త్రీ ఆయుష్షును తేలుస్తున్నది వ్యాధి అప్పటికే ఎంతదూరం పోయిందన్న సంగతి. సర్జన్ ఎంత లోతుగా కోశాడన్నది తర్వాతి మాట. సూచన ఆయన పట్టికలోనే ఉంది. సిద్ధాంతం మీది నమ్మకం ఆ సూచనను కనపడనివ్వలేదు.

ఈ పద్ధతి వ్యాపించిన తీరును మనం ప్రత్యేకంగా గమనించాలి. అమెరికాలో సర్జన్ల శిక్షణకు ఒక వ్యవస్థ ఏర్పరచింది హాల్‌స్టెడే. కుర్ర వైద్యులు ఆసుపత్రిలోనే ఏళ్ల తరబడి ఉండి, గురువు పక్కన నిలబడి, చివరికి గురువు అంతటివాళ్లై బయటికి వెళ్లేవారు. వెళ్లినచోట విభాగాలకు అధిపతులయ్యేవారు. వారికి శిష్యులు, ఆ శిష్యులకు శిష్యులు. చెయ్యి తిరగడానికి ఇంతకంటే మంచి శిక్షణ లేదు. కాని చేతితో పాటు సిద్ధాంతం కూడా వారసత్వంగా సంక్రమించింది. మన భాషలో 1858 నాటి బాలవ్యాకరణానికి ఏమైందో సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కరలేదు. చిన్నయసూరి ప్రతిభ వేరు, ఆయన సూత్రాన్ని దాటి మాట్లాడితే తప్పనే పండితుల పట్టుదల వేరు. హాల్‌స్టెడ్‌కూ హాల్‌స్టెడ్ సంప్రదాయానికీ మధ్య తేడా అలాంటిదే. గురువు తన కాలపు ప్రశ్నకు జవాబు వెతికాడు. శిష్యపరంపర ఆ జవాబును సూత్రం చేసింది. తర్వాత కొందరు ఇంకా ముందుకు పోయి పక్కటెముకల భాగాలు తొలిచి లోపలి గ్రంథులను కూడా తీశారు. ఫలితం సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ కోయాలన్నారే గాని, మూలసూత్రాన్ని శంకించలేదు.

2. విన్నవారు లేని గొంతు

లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో జెఫ్రీ కీన్స్ అనే సర్జన్ ఉండేవాడు. అర్థశాస్త్రవేత్త మేనార్డ్ కీన్స్‌కు తమ్ముడు. సాహిత్యం చదువుకున్నవారికి ఈయన ఇంకో దారిలో తెలిసి ఉండాలి. విలియం బ్లేక్ రచనలను వెదికి, సరిచూసి, 1925లో మూడు సంపుటాలుగా అచ్చువేసిన పరిష్కర్త ఈయనే. పాఠాంతరాలను పోల్చిచూసే అలవాటు ఉన్న మనిషి ఆసుపత్రిలో కూడా పాత పాఠాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. 1920ల నుంచి ఆయన కొందరు స్త్రీలకు గడ్డ వరకే తీసి, చుట్టూ రేడియం సూదులు గుచ్చి చికిత్స చేశాడు. రొమ్ము నిలిచింది. స్త్రీలు రాడికల్ ఆపరేషన్ అయినవారికి తీసిపోకుండా బతికారు. 1937 వ్యాసం అదే.

ఆయన మాట ఎందుకు చెల్లలేదు? సర్జన్ల అహంకారం వల్ల అని ఒక్కమాటలో తేల్చడం తేలిక. అది సగం నిజం. ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న విద్య అక్కరలేదంటే ఏ విద్వాంసుడికైనా కోపం వస్తుంది. గౌరవం, పదవి, సంపాదన అన్నీ ఆ విద్య మీదే నిలబడి ఉన్నప్పుడు కోపం సిద్ధాంతం రూపం తొడుక్కుంటుంది. మిగతా సగం మాత్రం వారి భయం. తక్కువ కోసి, ఆ స్త్రీకి వ్యాధి తిరగబెడితే ఆ పాపం ఎవరిది? ఎక్కువ కోసిన వైద్యుణ్ణి ఎవరూ నిందించరు. మంచి మనసున్న సర్జన్ కూడా ఈ భయంతోనే కత్తి లోతుగా దించాడు. ఇంకొక కారణం కీన్స్ వైపే ఉంది. ఆయన లెక్క కూడా తన రోగుల లెక్కే. ఎటువంటి స్త్రీలను ఎంచుకున్నాడో, హాల్‌స్టెడ్ పద్ధతికి వచ్చినవారు ఎటువంటివారో సరిపోల్చే వీలు లేదు. ఒక గురువు మాటకు ఎదురుగా ఇంకొక గురువు మాట నిలిచింది. అలాంటి తగవులో పెద్ద పీఠమే గెలుస్తుంది.

1948లో ఎడింబరోలో రాబర్ట్ మెక్‌విర్టర్ కండరాలు తీయకుండా రొమ్ము మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చిన ఫలితాలు ప్రకటించాడు. 1955లో క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జి క్రైల్ ఏకంగా సామాన్య పాఠకుల కోసం పుస్తకం రాసి, అతి శస్త్రచికిత్స తగదన్నాడు. వైద్యులతో తేల్చుకోవలసిన మాటను వీధిలోకి తెచ్చాడని తోటివారు మండిపడ్డారు. విజ్ఞానం వీధిలోకి రాకూడదనే ఈ అభ్యంతరం మనకు కొత్తది కాదు. తెలుగులో వాడుకభాష వాదులు కూడా ఈ మాట పడ్డారు.

3. పొలం నేర్పిన పాఠం

తగవు తీర్చే సాధనం ఆసుపత్రిలో పుట్టలేదు. పొలంలో పుట్టింది. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త ఒక చిక్కు విప్పాడు. కొత్త ఎరువును రైతు తనకు తెలియకుండానే మంచి మడికి వేస్తాడు. పంట బాగా వస్తుంది. అది ఎరువు గొప్పా, నేల గొప్పా? తేల్చాలంటే ఏ మడికి ఏ ఎరువో మనిషి ఇష్టానికి వదలకూడదు, చీటీ వేసి నిర్ణయించాలి. అప్పుడు నేల మంచిచెడ్డలు రెండువైపులా సమానంగా పంచుకుపోతాయి, మిగిలిన తేడా ఎరువుదే అవుతుంది. ఈ పద్ధతిని వైద్యంలోకి తెచ్చి నిలబెట్టినవాడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని 107 మంది రోగులను చీటీ పద్ధతిలో రెండుగా విభజించి చూసిన పరీక్ష 1948లో అచ్చయింది.

దీని అంతరార్థం చాలా లోతైనది. చీటీ వేయడమంటే, ఏది మంచిదో నాకు తెలియదని వైద్యుడు బహిరంగంగా ఒప్పుకోవడం. గురుపీఠం మీద కూర్చున్నవాడికి ఇంతకంటే కష్టమైన వాక్యం లేదు. గిడుగు రామమూర్తిగారు పండితులతో చేసిన పోరాటాన్ని ఇక్కడ తలచుకోవాలి. వాడుకభాష మంచిదని ఆయన ఊరికే ఉపన్యాసాలివ్వలేదు. పండితుల పుస్తకాలే తిరగేసి, వారు విధించిన నియమాలను వారే ఎక్కడెక్కడ తప్పారో ఉదాహరణలు పోగుచేసి ముందుపెట్టారు. ఆ పుస్తకానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని పేరు పెట్టారు. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. తెలుగులో భేషజానికి ఇంకో అర్థమూ ఉందని అందరికీ తెలుసు. పీఠానికి ఎదురుగా నిలిచేది మరో పీఠం కాదు, పోగుచేసిన సాక్ష్యం అని గిడుగు పద్ధతి చెబుతుంది.

రొమ్ము కాన్సర్‌లో ఆ పని చేసినవాడు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ (1918–2019). వ్యవసాయ గణాంకాల ఫిషర్‌కూ ఈయనకూ సంబంధం లేదు. అనేక ఆసుపత్రులు కలిసి పనిచేసే ఒక పరిశోధన సంఘానికి 1967లో ఈయన అధ్యక్షుడయ్యాడు. ఆయన ప్రయోగశాల పని వేరే సంగతి చెబుతున్నది. కాన్సర్ కణాలు ఇరుగు తర్వాత పొరుగు అన్నట్టు వరస పాటించవు. తొలిదశలోనే రక్తంలో పడి దూరాలకు పోగలవు. అలా పోతే ఛాతీ ఎంత లోతుగా కోసినా ఏం లాభం? పోకపోతే అంత కోయడం దేనికి?

1971లో పరీక్ష మొదలైంది. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో 1,600 మందికి పైగా స్త్రీలు చేరారు. చంక గ్రంథులకు వ్యాధి పాకినట్టు తెలియని స్త్రీలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు రాడికల్ ఆపరేషన్. ఒక జట్టుకు రొమ్ము మాత్రం తీసి రేడియేషన్. మరొక జట్టుకు రొమ్ము మాత్రం తీసి ఊరుకోవడం, తర్వాత గ్రంథుల్లో వ్యాధి కనపడితే అప్పుడు వాటిని తీయడం. చాలామంది సర్జన్లు తమ రోగులను చీటీకి వదలడానికి ఒప్పుకోలేదు. తెలిసి తెలిసి తక్కువ వైద్యం చేయడం అధర్మం అన్నారు. 1977లో మొదటి ఫలితాలు, 1985లో పదేళ్ల ఫలితాలు, 2002లో ఇరవై అయిదేళ్ల ఫలితాలు వచ్చాయి. బతుకులో తేడా లేదు. కండరాలు కోల్పోయిన స్త్రీ, కోల్పోని స్త్రీ ఒకే తీరున బతికారు, ఒకే తీరున చనిపోయారు.

మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసి 1973లో మొదలుపెట్టిన పరీక్షలో చిన్న గడ్డలున్న 701 మంది స్త్రీలు పాల్గొన్నారు. రొమ్ములో నాలుగోవంతు తీసి రేడియేషన్ ఇచ్చినా, హాల్‌స్టెడ్ ఆపరేషన్ చేసినా ఆయుష్షు ఒకటేనని 1981లో వెల్లడైంది. ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టిన రెండో పరీక్షలో 1,851 మంది స్త్రీలున్నారు. గడ్డ మాత్రం తీసినా, రొమ్మంతా తీసినా బతుకులో తేడా రాలేదు. గడ్డ మాత్రం తీసి ఊరుకుంటే ఇరవై ఏళ్లలో నూటికి 39 మందికి అదే రొమ్ములో తిరగబెట్టింది. రేడియేషన్ కలిపితే నూటికి 14 మందికే. కీన్స్ మాట నిజమైంది. కాని కీన్స్ చెప్పాడు కాబట్టి నిజం కాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి దాచకూడదు. ఫిషర్ పరీక్షల్లో పాల్గొన్న మాంట్రియల్ వైద్యుడొకడు, చేర్చుకోవడానికి అర్హత లేని కొందరు స్త్రీల వివరాలు మార్చి రాశాడని తనిఖీలో తేలి, 1994లో బయటికి పొక్కింది. వెంటనే చెప్పలేదన్న ఆరోపణ మీద ఫిషర్ పదవి పోయింది. 1997 నాటికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఆసుపత్రి లెక్కలన్నీ తీసేసి మళ్లీ చూశారు. నిర్ధారణ మారలేదు. ఒక మహానుభావుడి మాట మీద నిలిచిన జ్ఞానం ఆ మనిషితో పాటు కూలుతుంది. అనేకచోట్ల అనేకులు పోగుచేసిన జ్ఞానం ఒకడి మోసాన్ని తట్టుకుంటుంది.

4. బల్లమీది మనిషి

ఇంతవరకు వైద్యుల కథే చెప్పుకున్నాం. మగ వైద్యుల కథ అనాలి. ఆపరేషన్ బల్లమీద పడుకున్న స్త్రీకి ఈ చరిత్రలో నోరు లేదా? డెబ్బైల దాకా అమెరికాలో మామూలు పద్ధతి ఇది. రొమ్ములో గడ్డతో వచ్చిన స్త్రీకి మత్తు ఇస్తారు. ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కాన్సర్ అని తేలితే మత్తులో ఉండగానే రొమ్ము తీసేస్తారు. ఏం జరిగిందో ఆమెకు మెలకువ వచ్చాక తెలుస్తుంది. చేతులు ఛాతీ మీద పెట్టి తడుముకుని తెలుసుకోవాలి. ఈ పద్ధతికి వైద్యకారణం కంటే, రోగి నిర్ణయంలో పాలుపంచుకోనక్కర లేదన్న భావజాలమే పెద్ద ఆధారం.

1971లో బాబెట్ రాస్మండ్ అనే నవలా రచయిత్రి ఆ పత్రం మీద సంతకం పెట్టనంది. క్రైల్ దగ్గరకు వెళ్లి గడ్డ మాత్రం తీయించుకుంది. మరుసటి ఏడు మారుపేరుతో తన అనుభవాన్ని పుస్తకంగా రాసింది. పేరు ‘ది ఇన్విజిబుల్ వర్మ్’, కనిపించని పురుగు. జబ్బుపడిన గులాబీ గురించి బ్లేక్ రాసిన చిన్న పద్యంలోని పురుగు అది. ఏ కవి పాఠాన్ని కీన్స్ సరిచేసి లోకానికి అందించాడో, ఆ కవి మాటను శీర్షికగా పెట్టుకుని ఒక రచయిత్రి కీన్స్ చెప్పిన చికిత్సను తన హక్కుగా అడిగింది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా సాహిత్యం చదివేవారికి గుర్తుంచుకోదగిన యాదృచ్ఛికం.

1974లో రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలికి ఈ వ్యాధి వచ్చింది. మత్తులో ఉండగా నిర్ణయం జరగకూడదని పట్టుబట్టింది. వైద్యగ్రంథాలయాల్లో కూర్చుని, వైద్యుల పత్రికలే చదివి, 1975లో పుస్తకం రాసింది. చాలామంది సర్జన్లు తెరిచి చూడని పుటలను ఒక రోగి తెరిచి చూసింది. 1974 సెప్టెంబర్ 28న అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు రాడికల్ ఆపరేషన్ చేశారు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబర్ 30న, దాని అవసరాన్ని ప్రశ్నించే ఫిషర్ తొలి ఫలితాలు వైద్యుల సభలో వినిపించాయి. దేశంలోకెల్లా గొప్ప వైద్యం అందగల స్త్రీకి అందింది ఎనభై ఏళ్లనాటి చదువు. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన నిపుణుల సభలో వైద్యేతరురాలిగా కుష్నర్ కూర్చుంది. రాడికల్ ఆపరేషన్‌ను ప్రామాణిక చికిత్సగా ఇక పరిగణించరాదనీ, పరీక్షకు ముక్క తీయడం ఒకనాడు, చికిత్స ఇంకొకనాడు జరగాలనీ ఆ సభ తీర్మానించింది. 1990 నాటి సభ, తొలిదశలో ఉన్న చాలామంది స్త్రీలకు రొమ్ము నిలిపే చికిత్సే మేలని చెప్పింది.

వైద్యుడి చదువును తాజాగా ఉంచేవారిలో రోగి కూడా ఉందని ఈ చరిత్ర రుజువు చేస్తున్నది. పరీక్షల్లో చేరిన వేలాది స్త్రీల పేర్లు మనకు తెలియవు. తమకు ఏ చికిత్స వస్తుందో చీటీకి వదిలి, ఇరవై ఏళ్లు పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకున్నవారు వారు. ఫిషర్, వెరొనేసిల పేర్ల కింద వారి సహనం ఉంది.

5. భీమవరం నుంచి మిలాన్ దాకా

కాన్సర్ తొలిదశలోనే ఒంట్లో దూరాలకు పోగలదంటే, కత్తితో పాటు ఒళ్లంతా తిరిగే మందు కావాలి. ఈ మలుపులో తెలుగువాడి పని ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరాడు. 1940 నుంచి లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గలేదు, వేగం అందుకున్నది. ఇంకొకరైతే ఆ ఫలితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఫార్బర్ దాన్ని తిరగేసి ఆలోచించాడు. ఇది పోస్తే వ్యాధి పెరిగితే, దీనికి అడ్డుపడే పదార్థం ఇస్తే తగ్గాలి గదా! సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఆ అడ్డు. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఉంది. ఆ గుణం తాత్కాలికమేనని కూడా ఉంది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అదే కుదురు నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇంకో రెండు మందులతో కలిపి, ఆపరేషన్ తర్వాత ఇస్తే రొమ్ము కాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో మిలాన్ వైద్యుడు జాన్ని బొనడొన్నా చూపించాడు.

సుబ్బారావును మనం విగ్రహాలతో, తపాలా బిళ్లతో గౌరవించుకున్నాం. ఆయన పని నేర్పే పాఠం మాత్రం వేరు. తప్పిన ప్రయోగాన్ని దాచకుండా నిలబెట్టి ప్రశ్నిస్తేనే ఆ మందు రోగి దాకా వచ్చింది.

6. కొత్తదల్లా నిజం కాదు

ఇంతవరకు చదివినవారు పాతది తప్పు, కొత్తది ఒప్పు అని అర్థం చేసుకుంటే ప్రమాదం. అభ్యుదయం పేరుతో మన సాహిత్యంలో కూడా ఈ పొరపాటు జరిగింది. 1980ల చివరా, 1990లలోనూ రొమ్ము కాన్సర్ ముదిరిన స్త్రీలకు అతి పెద్ద మోతాదు మందులిచ్చి, ఎముకమజ్జ దెబ్బతింటే ముందే తీసిపెట్టిన వారి కణాలనే తిరిగి ఎక్కించే చికిత్స అమెరికాలో విపరీతంగా సాగింది. హాల్‌స్టెడ్ కత్తి స్థానంలో మందు వచ్చింది. ‘ఇంకా ఎక్కువ’ అనే సూత్రం మాత్రం అదే. ఖర్చు భరించనన్న బీమా కంపెనీల మీద రోగులు కోర్టుకెక్కారు. ఆసుపత్రులకు ఆదాయం వచ్చింది. వేలమంది స్త్రీలు ఆ చికిత్స పొందారు, కొందరు ఆ చికిత్సవల్లనే చనిపోయారు. చీటీ పద్ధతి పరీక్షలు ఆలస్యమయ్యాయి. ఖాయమైన మేలు ఉందని నమ్మినప్పుడు చీటీకి ఎవరు ఒప్పుకుంటారు?

1999లో అమెరికా కాన్సర్ వైద్యుల మహాసభలో ఫలితాలు వచ్చాయి. మేలు ఉందని గట్టిగా చెప్పింది దక్షిణాఫ్రికా వైద్యుడు వెర్నర్ బెజ్వొడా ఒక్కడే. 2000లో తనిఖీ బృందం జోహాన్నెస్‌బర్గ్ వెళ్లి కాగితాలు అడిగితే ఆ లెక్కలు కల్పితమని తేలింది. ఆ చికిత్స అక్కడితో కుప్పకూలింది. సరికొత్త సంగతి తెలిసి ఉండటమే తాజా చదువైతే, ఆ పదేళ్లూ ఆ చికిత్స చేసినవారే అందరికంటే తాజా వైద్యులు. రుజువు ఎంతవరకు ఉందో తెలిసి ఉండటం వేరు.

7. ప్రశ్న ఎవరిది?

ఈనాటి కాన్సర్ వైద్యుడి ముందు కీన్స్ కాలంలో లేని సాధనాలున్నాయి. సర్జన్, రేడియేషన్ వైద్యుడు, మందుల వైద్యుడు, కణపరీక్ష నిపుణుడు ఒకేచోట కూర్చుని ఒక్కో రోగి గురించి చర్చించే ట్యూమర్ బోర్డు ఉంది. ఏ ఒక్కరి గురుత్వమూ చెల్లకుండా చేసే ఏర్పాటు అది. పరీక్షలను బేరీజు వేసి తయారుచేసిన చికిత్సా సూత్రాలున్నాయి. మన దేశంలో వైద్యులు అయిదేళ్లకు కనీసం 30 గంటలు కొత్త చదువుకు హాజరుకావాలని 2002 నియమావళి చెప్పింది. ఆ చదువుకు మందుల కంపెనీలు విందులూ, విమానం టిక్కెట్లూ ఇస్తున్నాయి గనుక 2009లో వాటిని నిషేధించవలసి వచ్చింది. పాఠం చెప్పేవాడి జీతం సరుకు అమ్మేవాడు ఇస్తే ఆ పాఠంలో ఏది ఉంటుందో, ఏది ఉండదో ఉపాధ్యాయులకు ఒకరు చెప్పనక్కరలేదు.

అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏ సంగతి పరీక్షించాలో నిర్ణయించేది ఎవరు? ఖరీదైన కొత్త మందు పనిచేస్తుందా అని కంపెనీ పరీక్షిస్తుంది. తక్కువ మోతాదుతో కూడా పనిచేస్తుందా అని అది అడగదు. ముంబయిలో 1941లో మొదలైన టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఆ ప్రశ్న అడిగారు. తల, మెడ కాన్సర్ ముదిరిన 151 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితం 2022లో వెలువడింది. చవకైన మాత్రలకు నివొలుమాబ్ అనే ఖరీదైన మందును మామూలు మోతాదులో పదోవంతు కంటే తక్కువగా కలిపి ఇస్తే, ఏడాది తర్వాత బతికి ఉన్నవారు నూటికి 16 నుంచి 43కు పెరిగారు. ఆ చవకైన మాత్రల్లో ఒకటి సుబ్బారావు కుదురు నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్. 2012లో ఏర్పడిన నేషనల్ కాన్సర్ గ్రిడ్ దేశంలోని కాన్సర్ ఆసుపత్రులను ఒకే సూత్రాలకు, ఉమ్మడి చర్చకు దగ్గర చేస్తున్నది.

రొమ్ము నిలిపే చికిత్స దగ్గరకే మళ్లీ వద్దాం. దానికి రేడియేషన్ తప్పనిసరి అని చూశాం. వెనుక అయిదు వారాలు, వారానికి అయిదు రోజులు రేడియేషన్ యంత్రం దగ్గరకు వెళ్లాల్సి వచ్చేది. యంత్రం నగరంలో ఉంది, స్త్రీ పల్లెలో ఉంది. బస్సు చార్జీలు, కూలి నష్టం, తలదాచుకునే చోటు, ఇంట్లో పిల్లలు. ఇన్ని లెక్కలు వేసుకుని ‘తీసేయండి బాబూ’ అన్న స్త్రీ తన ఇష్టంతో అన్నదని ఎలా చెప్పగలం? హాల్‌స్టెడ్ సిద్ధాంతం ఓడినా ఆ స్త్రీ మాత్రం రొమ్ము కోల్పోయింది; ఈసారి సిద్ధాంతం బదులు దూరం కోసింది. అయితే మూడు వారాల రేడియేషన్ కూడా చాలునని 2008లోనూ, ఒక్క వారంలో అయిదుసార్లు ఇచ్చినా వ్యాధి తిరగబెట్టడంలో తేడా రాదని 2020లోనూ బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలు చూపించాయి. రెండో పరీక్షలో పాల్గొన్నవారు 4,096 మంది. ఈ సంగతి చదివిన వైద్యుడికీ, చదవని వైద్యుడికీ మధ్య తేడా ఒక పల్లెటూరి స్త్రీకి నాలుగు వారాల బతుకు. చదివినా యంత్రం అందుబాటులో లేకపోతే ఆ తేడా కాగితం మీదే ఉంటుంది.

వైద్యుడు చదువుకోవాలి, తప్పదు. కాని ఈ వందేళ్ల చరిత్రలో జ్ఞానాన్ని కదిలించినవి మూడు కనిపిస్తున్నాయి: గురువు మాటను పరీక్షకు పెట్టే ధైర్యం, అందరూ సరిచూడగల లెక్క, బల్లమీది మనిషికి నోరు. ఈ మూడింటిలో ఏది లోపించినా పుస్తకాలున్న గదిలోనే అజ్ఞానం ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది. మన విమర్శకు కూడా ఇది వర్తిస్తుంది. ఎవరో పెద్దాయన ఎప్పుడో ఇచ్చిన తీర్పులను ఎన్ని సిద్ధాంతవ్యాసాల్లో ఎత్తిరాస్తున్నామో, మూలగ్రంథాన్ని తెరిచి ఎంతమందిమి సరిచూస్తున్నామో మనకు తెలుసు. అక్కడ తప్పు తీర్పువల్ల ఒక శరీరం నష్టపోతుంది. ఇక్కడ ఒక రచన, ఒక్కోసారి ఒక తరం పాఠకులు నష్టపోతారు. నష్టం కంటికి కనపడదు గనుక మనకు తొందర లేదు, అంతే.